గాఫ్ ముందు నిలబడే ఆ ఐదుగురు

రెండు టీములు తమ ఆటగాళ్లని ఇచ్చిపుచ్చుకున్నాయి. ఇద్దరూ క్వార్టర్‌బ్యాక్‌లే. ఇద్దరూ కాలేజీ నుంచి వచ్చిన ఏడు డ్రాఫ్ట్‌లో నంబర్ వన్‌గా ఎంపికైనవాళ్లే. కానీ ఇద్దరికీ ఒకే రేటు పలకలేదు.

2021 జనవరిలో అమెరికన్ ఫుట్‌బాల్‌లో జరిగిన సంగతి ఇది. డెట్రాయిట్ లయన్స్ టీమ్ మాథ్యూ స్టాఫర్డ్‌ని ఇచ్చింది. లాస్ ఏంజెలెస్ రామ్స్ టీమ్ జారెడ్ గాఫ్‌ని ఇచ్చింది. అక్కడితో ఆగలేదు. గాఫ్‌తో పాటు రెండు ఫస్ట్ రౌండ్ పిక్‌లు, ఒక థర్డ్ రౌండ్ పిక్ కూడా చేతిలో పెట్టింది. పిక్ అంటే రాబోయే ఏళ్లలో కాలేజీ కుర్రాళ్లని ముందుగా ఎంచుకునే హక్కు. అక్కడ అది బంగారంతో సమానం. మన భాషలో చెప్పాలంటే, ఎదురు డబ్బులిచ్చి మరీ గాఫ్‌ని సాగనంపారు.

అప్పటికి అతని వయసు 26. రెండేళ్ల కిందటే టీమ్‌ని సూపర్ బౌల్ దాకా తీసుకెళ్లినవాడు.

నేను మిషిగన్‌లో దిగింది ఆ ఏడాది ఆగస్టులో. హైదరాబాద్‌లో నాలుగేళ్లు టెస్టింగ్ ఉద్యోగం చేసి, ఎమ్మెస్‌కని వచ్చా. అప్పటికి నాకు ఫుట్‌బాల్ అంటే మన ఫుట్‌బాలే. కాలితో తన్నేది. ఇక్కడేమో బంతిని చేత్తో విసురుతారు, చేత్తో పట్టుకుంటారు, పేరు మాత్రం ఫుట్‌బాల్. ఈ చిక్కుముడి ఇప్పటికీ నాకు విడలేదు, వదిలేద్దాం.

ఆట గురించి రెండు ముక్కలు చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. ఒక్కో వైపు పదకొండు మంది. బంతి ఉన్న టీమ్‌కి నాలుగు ఛాన్సులుంటాయి, ఆ నాలుగింట్లో పది గజాలు ముందుకు జరగాలి. జరిగితే మళ్లీ నాలుగు ఛాన్సులు. అలా జరుగుతూ జరుగుతూ చివరి గీత దాటితే టచ్‌డౌన్. ప్రతి ఛాన్సులోనూ బంతి ముందు క్వార్టర్‌బ్యాక్ చేతికే వస్తుంది. విసరాలా, పక్కవాడికి అందించి పరిగెత్తించాలా అన్నది అక్కడి నుంచే మొదలవుతుంది. అందుకే గెలిస్తే పోస్టర్ మీద అతనే, ఓడితే టీవీలో తిట్లు తినేదీ అతనే.

అతనికి దొరికే టైమ్ ఎంతో తెలుసా? రెండున్నర, మూడు సెకన్లు. ఆ మూడు సెకన్లు కూడా ఊరికే రావు. అతని ముందు ఐదుగురు భారీకాయులు గోడలా నిలబడతారు. ఒక్కొక్కరూ 140 కిలోల దరిదాపుల్లో ఉంటారు. వాళ్లనే అఫెన్సివ్ లైన్ అంటారు. ఎదుటి టీమ్ వాళ్లు క్వార్టర్‌బ్యాక్ మీద పడకుండా ఆపడమే వాళ్ల పని. వాళ్లు సాధారణంగా బంతి ముట్టుకోరు. స్కోర్‌కార్డులో వాళ్ల పేర్లు వెతికినా కనపడవు. గోడ కూలితే క్వార్టర్‌బ్యాక్ కింద పడతాడు. దాన్ని శాక్ అంటారు. ఆ శాక్ మాత్రం క్వార్టర్‌బ్యాక్ ఖాతాలో పడుతుంది.

క్రికెట్‌తో పోలిస్తే తేడా తెలుస్తుంది. బ్యాట్స్‌మన్ యావరేజ్ చాలావరకు బ్యాట్స్‌మన్‌దే. బౌలర్ వేస్తాడు, ఇతను కొడతాడు, మధ్యలో ఎవరూ లేరు. నాన్‌స్ట్రైకర్ ఎంత చెత్తగా ఆడినా ఇతని కవర్ డ్రైవ్ చెడిపోదు. క్వార్టర్‌బ్యాక్ అంకెలు అలా కాదు. ముందున్న ఐదుగురు ఆపాలి, పరిగెత్తేవాడు సరైన చోటికి చేరాలి, బంతిని జారవిడవకూడదు, కోచ్ సరైన ప్లాన్ పంపాలి. ఇన్ని కలిస్తేగానీ ఒక్క పాస్ పూర్తి కాదు. ఆ అంకె మీద పేరు మాత్రం ఒక్కడిదే ఉంటుంది.

ఈ సంగతి గాఫ్ కెరీర్‌లో కనపడినంత స్పష్టంగా నాకు ఇంకెక్కడా కనపడలేదు.

2016లో రామ్స్ అతన్ని డ్రాఫ్ట్‌లో మొట్టమొదట తీసుకుంది. కాలిఫోర్నియా కుర్రాడు, బర్క్‌లీలో ఆడాడు. టీమ్ కూడా అదే ఏడాది సెయింట్ లూయిస్ నుంచి లాస్ ఏంజెలెస్‌కి మారింది. కొత్త ఊరు, కొత్త హీరో, హైప్ మామూలుగా లేదు. సీజన్ సగం దాటాక, నవంబర్‌లో అతన్ని బరిలోకి దించారు. ఏడు మ్యాచులు ఆడాడు, ఏడూ ఓడాడు. 5 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు. ఇంటర్‌సెప్షన్ అంటే విసిరిన బంతిని ఎదుటివాడు పట్టేసుకోవడం. ఆ ఏడు మ్యాచుల్లోనే 26 సార్లు కింద పడ్డాడు. సీజన్ ముగియకుండానే కోచ్ జెఫ్ ఫిషర్ ఉద్యోగం పోయింది. గాఫ్‌కి 'బస్ట్' అనే ముద్ర పడింది. మన సినిమావాళ్ల భాషలో అట్టర్ ఫ్లాప్.

తర్వాతి ఏడు సీన్ రివర్స్. 11 విజయాలు, 5 ఓటములు. 28 టచ్‌డౌన్లు, 7 ఇంటర్‌సెప్షన్లు. పాసర్ రేటింగ్ అని ఒక లెక్క ఉంది, సున్నా నుంచి 158.3 దాకా ఉంటుంది (ఆ 158.3 ఏంటని అడక్కండి, దాని ఫార్ములా మన ఇన్‌కమ్ ట్యాక్స్ ఫారం కంటే ఘోరం). అది 63.6 నుంచి 100.5కి ఎగబాకింది.

అదే చెయ్యి, అదే కుర్రాడు. ఎనిమిది నెలల్లో ఏం మారింది?

షాన్ మెక్‌వే అనే కొత్త కోచ్ వచ్చాడు. అప్పటికి అతని వయసు 30 ఏళ్లే. ఆండ్రూ విట్‌వర్త్ అని 35 ఏళ్ల సీనియర్ లైన్‌మన్‌ని సిన్సినాటీ నుంచి తెచ్చి గాఫ్‌కి ఎడమవైపు నిలబెట్టారు. కుడిచేత్తో విసిరేవాడికి ఎడమవైపే గుడ్డి వైపు, దెబ్బ ఎటునుంచి వస్తుందో కనపడదు. మధ్యలో బంతి అందించే సెంటర్‌ని మార్చారు. బంతి పట్టడానికి రాబర్ట్ వుడ్స్, శామీ వాట్కిన్స్, అప్పుడే కాలేజీ నుంచి వచ్చిన కూపర్ కప్ చేరారు. ఫలితం? 2016లో ఏడు మ్యాచుల్లో 26 శాక్‌లు పడితే, 2017లో పదిహేను మ్యాచుల్లో పడింది 25.

ఇంకో ఆధారం కూడా ఉంది. బంతి పట్టుకుని పరిగెత్తే టాడ్ గర్లీ రెండేళ్లూ అదే టీమ్‌లో ఉన్నాడు. 2016లో 885 గజాలు పరిగెత్తాడు. 2017లో 1,305 గజాలు, ఆ ఏడు లీగ్‌లోనే బెస్ట్ అఫెన్సివ్ ప్లేయర్ అవార్డు. గాఫ్ ఒక్కడే రాత్రికి రాత్రి మారిపోయి ఉంటే గర్లీ ఎందుకు మారతాడు?

సరే, అప్పుడు రెండో రకం వాదన మొదలైంది. 'గాఫ్ గొప్పేం లేదు, అంతా మెక్‌వే మహిమే' అని. దీనికో ఆసక్తికరమైన కారణం ఉంది. క్వార్టర్‌బ్యాక్ హెల్మెట్‌లో చిన్న రేడియో ఉంటుంది, కోచ్ అందులో మాట్లాడతాడు. రెండు ఆటల మధ్య 40 సెకన్ల గడియారం నడుస్తుంది. అందులో 15 సెకన్లు మిగిలేసరికి రేడియో కట్. మెక్‌వే ఏం చేసేవాడంటే, టీమ్‌ని గబగబా లైన్ మీద నిలబెట్టించేవాడు. ఎదుటివాళ్లు ఎలా నిలబడ్డారో తనే చూసి, రేడియో కట్ అయ్యేలోపు గాఫ్ చెవిలో చెప్పేవాడు. పరీక్ష హాల్లో పక్కన నిలబడి జవాబు చెప్పే మాస్టారిలా.

2018 సీజన్‌లో ఈ పద్ధతి రామ్స్‌ని సూపర్ బౌల్‌కి చేర్చింది. 2019 ఫిబ్రవరి 3న అట్లాంటాలో అది పగిలింది. ఎదురుగా న్యూ ఇంగ్లండ్ పేట్రియాట్స్, కోచ్ బిల్ బెలిచిక్. రామ్స్ అలవాటు పడిన చిత్రాన్ని పేట్రియాట్స్ చూపించలేదు, పోనుపోను మార్చుకుంటూ వచ్చారు. గాఫ్ తనంతట తను చదువుకోవాల్సి వచ్చింది. 38 పాస్‌లలో 19 మాత్రమే పూర్తయ్యాయి. మొత్తం మ్యాచ్‌లో రామ్స్‌కి వచ్చింది 3 పాయింట్లు. 13-3తో ఓడిపోయారు.

ఆ మ్యాచ్‌లో ఒక క్షణం యూట్యూబ్‌లో ఎన్నిసార్లు చూశానో లెక్కలేదు. మూడో క్వార్టర్. బ్రాండిన్ కుక్స్ అనే రిసీవర్ చివరి గీత దగ్గర ఒంటరిగా ఉన్నాడు. చుట్టుపక్కల మనిషి లేడు. గాఫ్ అతన్ని చూశాడు, కానీ ఆలస్యంగా చూశాడు. బంతి గాల్లో ఉన్న ఆ కాస్త సేపట్లో జేసన్ మెక్‌కోర్టీ ఎక్కడినుంచో పరిగెత్తుకొచ్చి దాన్ని కొట్టేశాడు. ఆ ఆలస్యం గాఫ్‌దే. దాన్ని లైన్ మీదకి నెట్టడం కుదరదు. టీమ్ టీమ్ అని అతన్ని వెనకేసుకొచ్చే నాలాంటివాళ్లు ఈ వీడియో తప్పకుండా చూడాలి.

2019 సెప్టెంబర్‌లో నాలుగేళ్లకి 13.4 కోట్ల డాలర్ల కొత్త కాంట్రాక్ట్ ఇచ్చారు. ఆ ఏడే లైన్‌లో ఇద్దరు పాతకాపులు, రోడ్జర్ సాఫోల్డ్, జాన్ సలివన్ వెళ్లిపోయారు. గర్లీ మోకాలు సహకరించడం మానేసింది. కోచ్ మారలేదు, గాఫ్ మారలేదు. అయినా టచ్‌డౌన్లు 32 నుంచి 22కి పడ్డాయి, ఇంటర్‌సెప్షన్లు 12 నుంచి 16కి ఎక్కాయి. మరి అంతా మెక్‌వే మహిమే అయితే, మెక్‌వే అక్కడే ఉన్నాడుగా? ఈ ప్రశ్న అప్పట్లో ఎవరూ పెద్దగా అడగలేదు.

పంపించేసే ముందు నెలలో అతని కుడి బొటనవేలు విరిగి సర్జరీ అయింది. రెండు వారాలు తిరక్కుండానే ప్లేఆఫ్ మ్యాచ్‌లో వేరే క్వార్టర్‌బ్యాక్ గాయపడితే, ఆ వేలితోనే దిగి సియాటిల్ మీద గెలిపించాడు. మూడు వారాల తర్వాత డెట్రాయిట్‌కి టికెట్.

ఇక మా ఊరి కథ. డెట్రాయిట్ అప్పటికి 1992 జనవరి తర్వాత ఒక్క ప్లేఆఫ్ మ్యాచ్ గెలవలేదు. స్టాఫర్డ్ పన్నెండేళ్లు ఆడాడు, ప్లేఆఫ్స్‌లో మూడుసార్లు దిగి మూడూ ఓడాడు. 'అంకెలు బావుంటాయి, గెలవలేడు' అనేవాళ్లట. అలాంటివాడు రామ్స్‌కి వెళ్లిన మొదటి ఏడాదే, 2022 ఫిబ్రవరిలో సూపర్ బౌల్ గెలిచాడు. మనిషి అదే. అతని చుట్టూ ఇప్పుడు ఆ ఏడు 1,947 గజాలు పట్టిన కూపర్ కప్, అవతల డిఫెన్స్‌లో ఆరన్ డోనాల్డ్ ఉన్నారు.

అదే ఏడాది ఇక్కడ మొదటి పదకొండు మ్యాచులకి లయన్స్ లెక్క: విజయాలు సున్నా, ఓటములు పది, ఒకటి టై. మా ఆఫీసులో నా పక్క సీటు పెద్దాయన డెట్రాయిట్‌లో పుట్టి పెరిగినవాడు, వాళ్ల నాన్న కాలం నుంచి లయన్స్ అభిమాని. నేను చేరిన కొత్తలో ఆ ఏడాది గురించి అడిగితే ఆయన అన్న మాట: "గాఫ్ మంచివాడో చెడ్డవాడో అప్పుడు మాకు తెలిసే అవకాశమే లేదు. వాడు నిలబడి ఉండగా చూస్తే కదా!"

డిసెంబర్ 5న మొదటి గెలుపు. ఆఖరి ఆటలో, టైమ్ అయిపోతుండగా, అమన్-రా సెయింట్ బ్రౌన్‌కి 11 గజాల పాస్. సెయింట్ బ్రౌన్ డ్రాఫ్ట్‌లో 112వ వాడు. 111 మందిని ఎంచుకున్న తర్వాత గానీ ఎవరికీ గుర్తురాని కుర్రాడు. తర్వాతి ఏళ్లలో గాఫ్‌కి కుడిభుజం అతనే.

తర్వాత ఒక్కొక్కటే అమరాయి. లైన్‌లో పెనీ స్యూవెల్, ఫ్రాంక్ రాగ్నో, టేలర్ డెకర్. 2022లో బెన్ జాన్సన్ అఫెన్సివ్ కోఆర్డినేటర్ అయ్యాడు, ఏ ఆట ఆడాలో పిలిచేది అతనే. ఇక్కడో చమత్కారం చూడండి. గాఫ్‌ని వదిలించుకోడానికి రామ్స్ ఇచ్చిన పిక్‌లు ఏమయ్యాయి? ఒకటి జేమిసన్ విలియమ్స్ కోసం ముందుకు జరగడానికి పనికొచ్చింది. ఇంకొకటి 2023లో ఆరో పిక్ అయింది. దాన్ని అరిజోనాకి ఇచ్చి వెనక్కి జరిగి జామీర్ గిబ్స్‌ని, శామ్ లపోర్టాని తెచ్చుకున్నారు. ఎదురు డబ్బులన్నాను కదా, ఆ డబ్బుతోనే అతనికి టీమ్ కట్టారు.

2024 జనవరి 14. ఫోర్డ్ ఫీల్డ్‌లో ప్లేఆఫ్. ఎదుటి టీమ్ రామ్స్, ఎదుటి క్వార్టర్‌బ్యాక్ స్టాఫర్డ్. సినిమాలో రాస్తే ఓవర్ అంటాం. గాఫ్ 27 పాస్‌లలో 22 పూర్తి చేశాడు. 24-23. ముప్ఫై రెండేళ్ల తర్వాత ప్లేఆఫ్ విజయం. స్టేడియం మొత్తం 'జా-రెడ్ గాఫ్, జా-రెడ్ గాఫ్' అని అరుస్తోంది. మేం ఆ పెద్దాయన ఇంట్లో చూస్తున్నాం. ఆయన సోఫాలోంచి లేచి వంటింట్లోకి వెళ్లి, చాలాసేపు కుళాయి తిప్పి ఉంచారు. వాళ్ల నాన్న ఈ మ్యాచ్ చూడకుండానే పోయారు.

2024 సీజన్‌లో జరిగిన రెండు మ్యాచులు పక్కపక్కన పెట్టి చూడాలి. సెప్టెంబర్ 30న సియాటిల్ మీద 18 పాస్‌లు విసిరాడు, 18 పూర్తయ్యాయి. ఒక్కటి నేల మీద పడలేదు. అంత పర్ఫెక్ట్ మ్యాచ్ లీగ్ చరిత్రలోనే లేదు. ఆరు వారాల తర్వాత నవంబర్ 10న హ్యూస్టన్‌లో ఐదు ఇంటర్‌సెప్షన్లు. ఐదు! అయినా లయన్స్ 26-23తో గెలిచింది. సెకండాఫ్‌లో డిఫెన్స్ హ్యూస్టన్‌కి ఒక్క పాయింట్ కూడా ఇవ్వలేదు. జేక్ బేట్స్ అనే కిక్కర్ 58 గజాల కిక్‌తో స్కోరు సమం చేసి, ఆఖర్లో 52 గజాల కిక్‌తో గెలిపించాడు. ఆ బేట్స్ కొన్నాళ్ల కిందటి వరకు ఇటుకలమ్మే సేల్స్‌మన్. రికార్డు పుస్తకంలో ఆ రోజు గాఫ్ ఖాతాలో 'విజయం' అని రాశారు. 2016లో ఏడు 'ఓటములు' రాసింది కూడా ఆ పుస్తకమే.

అందుకే క్వార్టర్‌బ్యాక్ గెలుపోటముల లెక్క చూసి వాదించేవాళ్లతో నేను వాదించడం మానేశా.

అలాగని 'టీమ్ బావుంటే ఎవడైనా ఆడతాడు' అంటే అదీ ఒప్పుకోను. శాన్ ఫ్రాన్సిస్కోలో మూడు ఫస్ట్ రౌండ్ పిక్‌లు పోసి 2021లో ట్రే లాన్స్‌ని తెచ్చారు. అదే టీమ్, అదే కోచ్ కైల్ షానహాన్. లాన్స్ మొదలుపెట్టింది నాలుగు మ్యాచులే, చీలమండ విరిగింది. 2022 డ్రాఫ్ట్‌లో అందరికంటే చివరన, 262వ వాడిగా వచ్చిన బ్రాక్ పర్డీ అదే టీమ్‌ని సూపర్ బౌల్‌కి తీసుకెళ్లాడు. లాన్స్‌కి అవకాశం చాల్లేదనుకోండి, కానీ పర్డీలో ఏదో ఉందిగా? ఇంకోవైపు శామ్ డార్నాల్డ్‌ని చూడండి. న్యూయార్క్ జెట్స్‌లో నలిగిపోయి, మూడు ఊళ్లు మారి, 2024లో మిన్నెసోటాలో 35 టచ్‌డౌన్లు విసిరి 14 మ్యాచులు గెలిపించాడు. ఒక్కొక్కరిదీ ఒక్కో లెక్క.

మరి మనిషిని ఎలా అంచనా వేయాలి? ఐదు సీజన్లు చూసి నాకంటూ ఒక పద్ధతి ఏర్పడింది. గోడ గట్టిగా ఉన్నప్పుడు ఎలా ఆడాడన్నది నాకు పెద్దగా పట్టదు, ఆ లెవెల్లో అందరూ ఆడతారు. గోడ కూలిన మరుసటి ఆటలో ఏం చేశాడన్నదే చూస్తా. మొదటిసారి చేసిన తప్పు మూడో ఏట కూడా చేస్తున్నాడా? రేడియో కట్ అయ్యాక తనంతట తను ఏం చదవగలుగుతున్నాడు? రామ్స్‌లో ఉన్న గాఫ్‌కీ డెట్రాయిట్ గాఫ్‌కీ అసలు తేడా ఇక్కడే ఉంది. జాన్సన్ ఆటల ప్లాన్ వేసేటప్పుడే అతన్ని పక్కన కూర్చోబెట్టుకున్నాడు. నీకు నచ్చనివి తీసేద్దాం అన్నాడు. గాఫ్ ఇప్పుడు లైన్ మీద నిలబడి చేతులు ఊపుతూ, అరుస్తూ, ఆటలు మార్చేస్తాడు. అట్లాంటాలో ఆలస్యమైన ఆ కళ్లు ఇప్పుడు బంతి చేతికి రాకముందే చూస్తున్నాయి. మీద పడితే మాత్రం ఇప్పటికీ తడబడతాడు, కాళ్లలో వేగం లేదు. అది మారదు కూడా.

ఇదంతా నాకు ఎందుకింత పట్టిందంటే, నాకిప్పుడు రేటింగ్ రాయాల్సిన పని పడింది.

ఆగస్టులో నన్ను టీమ్ లీడ్ చేశారు. కార్లలో ఉండే స్క్రీన్ సాఫ్ట్‌వేర్‌ని టెస్ట్ చేసే టీమ్. ఆరుగురం, అందులో ముగ్గురు హైదరాబాద్‌లో. ఒకటి నుంచి ఐదు దాకా రేటింగ్ ఇవ్వాలి. రెండు వస్తే తర్వాతి మెట్టు ఏంటో ఐటీలో ఉన్నవాళ్లకి చెప్పక్కర్లేదు. ఆ ముగ్గురిలో చిన్నవాడు, కరీంనగర్ కుర్రాడు, చేరి పద్నాలుగు నెలలు. డ్యాష్‌బోర్డులో అతని అంకెలు అందరికంటే కింద. పూర్తి చేసిన టెస్టులు తక్కువ. ఆలస్యమైనవి ఎక్కువ. మా మేనేజర్ ఆ స్క్రీన్ చూపించి, "ఇందులో ఆలోచించడానికేముంది?" అన్నాడు.

నేను మూడు నెలల లాగ్ ఫైళ్లు తీశా. మేం టెస్ట్ చేసే హార్డ్‌వేర్ బెంచ్ ఇక్కడ నోవైలో ఉంటుంది (ఐటీవాళ్లు భయపడే ఆ బెంచ్ కాదు, నిజం బల్ల). హైదరాబాద్ వాళ్లు దాన్ని నెట్ మీద నడుపుతారు. మూడు బెంచ్‌లలో రెండు కొత్తవి, ఒకటి పాతది. చివరగా చేరిన మనిషికి పాతది ఇచ్చారు. అది హ్యాంగ్ అయితే ఎవరో వచ్చి స్విచ్ నొక్కాలి. అక్కడ మధ్యాహ్నం పన్నెండుకి హ్యాంగ్ అయితే, ఇక్కడ అర్ధరాత్రి రెండున్నర. మేం ఆఫీసుకొచ్చి స్విచ్ నొక్కేసరికి వాళ్లకి సాయంత్రం ఐదున్నర. సెప్టెంబర్ నెలలో అలా తొమ్మిది రోజులు. ఆ తొమ్మిది రోజులూ డ్యాష్‌బోర్డులో అతని పేరు పక్కనే పడ్డాయి. బెంచ్‌కి పేరు లేదు.

ఫోన్ చేసి అడిగా. "బెంచ్ ఆగినప్పుడు ఎవరికైనా చెప్పావా?"

"రెండుసార్లు మెయిల్ పెట్టిన అన్నా. తర్వాత ఇక పెట్టలే. ప్రతిసారీ అదే చెప్తే సాకులు చెప్తున్నడు అనుకుంటరని."

"ఆ టైమ్‌లో ఏం చేసేవాడివి?"

కాసేపు మాట్లాడలేదు. తర్వాత ఒక ఫోల్డర్ లింకు పంపాడు. బెంచ్ ఏ టెస్టు దగ్గర ఆగుతోంది, ఏ వెర్షన్‌లో, ఎన్నో నిమిషంలో, అన్నీ రాసి పెట్టాడు. నలభైకి పైగా వరుసలు. దాదాపు అన్నీ బ్లూటూత్ తెగి మళ్లీ కలిసే చోటే ఆగుతున్నాయి. అంటే బహుశా తప్పు బెంచ్‌లో కూడా లేదు, సాఫ్ట్‌వేర్‌లోనే ఏదో ఉంది. కొత్త బెంచ్‌లు దాన్ని తట్టుకుంటున్నాయంతే. ఇది ఎవరికీ చూపించలేదు. ఎందుకు చూపించలేదంటే, అడగలేదు కదా అన్నా అన్నాడు.

ఇందులో అతని లోపం కూడా ఉంది. కుక్స్ ఒంటరిగా నిలబడ్డాడని కనపడుతుంటే బంతి విసరాలి, చేతిలో పట్టుకుని కూర్చోకూడదు. అది కూడా ఫారంలో రాశా. 'సమస్య కనిపించగానే పైకి చెప్పడం నేర్చుకోవాలి' అని. పక్కనే ఆ తొమ్మిది రోజుల లాగ్, ఆ నలభై వరుసలు జత చేశా. మూడు రేటింగ్ పెట్టి, వచ్చే మూడు నెలలు కొత్త బెంచ్ ఒకటి అతనికివ్వాలని, అప్పుడు మళ్లీ అంకెలు చూద్దామని రాశా. కొత్త బెంచ్ మీద కూడా అతను వెనకబడొచ్చు. అదీ తెలియాల్సిందే.

2025 సీజన్‌లో గాఫ్ మళ్లీ అలాంటి పరీక్షలోనే పడ్డాడు. బెన్ జాన్సన్ చికాగో బేర్స్‌కి హెడ్ కోచ్‌గా వెళ్లిపోయాడు. సెంటర్ రాగ్నో జూన్‌లో రిటైరయ్యాడు. మొదటి మ్యాచ్‌లో గ్రీన్ బే మీద 27-13తో ఓడితే, 'అనుకున్నదే, జాన్సన్ లేకపోతే ఇంతే' అన్నవాళ్లు మా ఆఫీసులోనే నలుగురు. వారం తిరిగేసరికి అదే జాన్సన్ టీమ్ మీద గాఫ్ ఐదు టచ్‌డౌన్లు విసిరాడు. 52-21. ఆ నలుగురూ సోమవారం హెడ్‌ఫోన్స్ పెట్టుకుని పని చేసుకున్నారు. నేను మాత్రం రెండు మ్యాచులూ మళ్లీ పెట్టుకుని, గాఫ్‌ని వదిలేసి అతని ముందున్న ఐదుగురినే చూశా. గ్రీన్ బే మ్యాచ్‌లో గోడ చాలాసార్లు కదిలింది. చికాగో మ్యాచ్‌లో అతనికి నిలబడి చూసుకునే టైమ్ దొరికింది. మీరూ ఎప్పుడైనా అలా చూడండి. మొదట్లో బోర్ కొడుతుంది, బంతి అటు పోతుంటే మనం ఇటు చూస్తుంటాం. పది నిమిషాలయ్యాక వేరే ఆట కనపడుతుంది.

పెద్దాయన అయితే ఇంకా ఏమీ అనడం లేదు. జనవరిలో అడుగు, అంటున్నారు.

మేనేజర్ నా ఫారం తెరిచినట్టు సిస్టమ్‌లో టిక్ కనపడుతోంది. జవాబు రాలేదు. బ్లూటూత్ సంగతి మాత్రం డెవలపర్లు ఎత్తుకున్నారు. నిన్న రాత్రి ఆ కుర్రాడి దగ్గర్నుంచి మెసేజ్. "అన్నా, కొత్త బెంచ్ ఎప్పుడిస్తరు?" నేనింకా టైప్ చేస్తుండగానే ఇంకోటి వచ్చింది. "పాతది ఇయ్యాల మళ్ల ఆగింది. ఈసారి మెయిల్ పెట్టిన. అందరినీ సీసీలో పెట్టిన."